ఇంటి బడి: ఒక రిజిస్టరు చదువుతూ

రెండు రోజులుగా నా బల్ల మీద ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. రెండువందల పేజీలది. అట్ట మీద ఏ శాఖ పేరూ లేదు, ఏ ముద్రా లేదు. నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో పనిచేసే టీచరు సొంత డబ్బులతో కొనుక్కుని, తన కోసం రాసుకున్న పుస్తకం. ఒకప్పుడు ఆమె డిగ్రీలో నా దగ్గర చరిత్ర చదువుకుంది. తర్వాత స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బి.ఇడి. చేసి ఒప్పంద ఉద్యోగంలో చేరింది. ప్రభుత్వ కాగితాల్లో ఆమె ఐ.ఇ.ఆర్.పి. పిల్లల తల్లులకు మాత్రం 'భవిత మేడమ్'. అధికారికంగా రాయాల్సిన రిజిస్టర్లు ఎప్పటికప్పుడు మండల వనరుల కేంద్రంలో ఇచ్చేసింది. అవి ఇప్పుడు ఉన్నాయో, పాత కాగితాల కింద పోయాయో ఆమెకు తెలీదు. ఇది మిగిలింది.

మొదటి పేజీల్లో నాలుగు గళ్ళున్నాయి. తేదీ, పేరు, చేయించిన పని, ఇంటివాళ్ళ సంతకం. 2020 మార్చి రెండో వారం దాకా ఆ నాలుగే. తర్వాత కొన్ని పేజీలు ఖాళీ. జూలైలో మళ్ళీ రాత మొదలైంది. అక్కడ ఆమె స్కేలు పెట్టి ఐదో గడి గీసింది. దాని పైన 'ఎందుకు కాలేదు' అని రాసుకుంది.

ఆ గడిలోంచి కొన్ని: 'రింగయింది, ఎత్తలేదు.' 'రీచార్జి లేదు.' 'ఫోను అన్న దగ్గర ఉంది, అన్నకు ఆన్‌లైన్ క్లాసు.' 'అమ్మ నాట్లకు పోయింది.' 'అమ్మ నాట్లకు పోయింది.' 'అమ్మకు జరం.' 'వీడియో పంపిన, తెరుచుకోలేదంట.' 'పాప ఏడుస్తుంది, అమ్మ కూడా.'

స్త్రీల చదువు చరిత్ర చెబుతూ, రాస్తూ పాతికేళ్ళకు పైగా గడిపాను. మనకు దొరికిన ఆధారాలన్నీ మొదటి నాలుగు గళ్ళకు సంబంధించినవే. ఎవరు ఎక్కడ బడి పెట్టారు, ఎంతమంది చేరారు, ఎవరు మెచ్చుకున్నారు. ఐదో గడి ఎవరూ గీయలేదు. అందుకే ఈ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెప్తాను.

2020లో అందరూ దూరవిద్య కొత్తగా ఊడిపడిందన్నట్టు మాట్లాడారు. సాధారణ పిల్లలకు సంబంధించి కూడా అది నిజం కాదు. 1937 సెప్టెంబరులో షికాగో నగరంలో పోలియో వ్యాపించి బడులు తెరవడం వాయిదా పడినప్పుడు, మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న సుమారు 3 లక్షల 15 వేల మంది పిల్లలకు రేడియోలో పాఠాలు చెప్పారు. ఒక్కో పాఠం పదిహేను నిమిషాలు. ఏ రోజు ఏ పాఠమో పొద్దున పత్రికల్లో వేసేవారు. సందేహాలు తీర్చడానికి టీచర్లను టెలిఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. మూడు వారాల్లో ఆ ప్రయోగం ముగిసింది. ఆ ఇంట్లో రేడియో ఉందా, ఉంటే ఆ స్టేషను వినిపించిందా, పక్కన కూర్చుని పాఠం చేయించిందెవరు అన్నవి ఆ కథనాల్లో అంచున మాత్రమే కనిపిస్తాయి. ఆ పోలియోతోనే కాళ్ళు పడిపోయి, మిగతా పిల్లలు బడికి వెళ్ళాక కూడా ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు నేను చదివిన చోట అసలు కనిపించలేదు.

అలా ఉండిపోయిన ఒక పిల్ల గురించి మాత్రం మనకు బాగా తెలుసు. జూడీ హ్యూమన్ 1947లో పుట్టింది. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తల్లి ఇల్సా ఆమెను చక్రాల కుర్చీలో బడికి తీసుకెళ్తే, మంటలొచ్చినప్పుడు ఈ కుర్చీ అందరికీ ప్రమాదమని ప్రధానోపాధ్యాయుడు వెనక్కి పంపాడు. దాని బదులు విద్యామండలి ఇంటికి ఒక టీచర్ని పంపింది. వారానికి రెండున్నర గంటలు. మిగతా పిల్లలు ఒక పూటలో పొందే చదువు ఆమెకు వారం మొత్తానికి. నాజీల జర్మనీ నుంచి ఒంటరిగా అమెరికా చేరిన స్త్రీ ఇల్సా. తన కూతుర్ని ఇంట్లో పెట్టి తలుపేయడం ఒప్పుకోలేదు. ఇతర తల్లుల్ని కలుపుకుంది, అధికారుల చుట్టూ తిరిగింది. జూడీ తొమ్మిదేళ్ళ వయసులో బడికి వెళ్ళింది. అదీ మిగతా పిల్లలతో కాదు, వికలాంగుల కోసం విడిగా పెట్టిన తరగతికి. పెద్దయ్యాక, కుర్చీలో ఉన్నదన్న కారణంతో టీచరు లైసెన్సు నిరాకరిస్తే 1970లో దావా వేసి గెలిచింది. 1977లో వికలాంగుల హక్కుల నిబంధనల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ భవనాన్ని మూడు వారాలకు పైగా ఆక్రమించిన నిరసనకు నాయకత్వం వహించిన వాళ్ళలో ఒకరు. 2023 మార్చిలో చనిపోయింది. ఆమె తరం ఉద్యమం గురించిన 'క్రిప్ క్యాంప్' అనే డాక్యుమెంటరీ 2020 మార్చి 25న ఇళ్ళల్లో చూసేందుకు విడుదలైంది. మన దేశంలో లాక్‌డౌన్ మొదటి రోజు అది. ఎవరూ కావాలని పెట్టిన తేదీ కాదు. నాకు మాత్రం ఆ తేదీ గుర్తుండిపోయింది.

ఇంటికి పంపే చదువు మన స్త్రీల చరిత్రకు కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ స్త్రీలు ఘోషాలో ఉన్న స్త్రీలకు ఇళ్ళకు వెళ్ళి అక్షరాలు, కుట్టుపని నేర్పారు. జనానా విద్య అన్నారు దాన్ని. 1882లో వేసిన హంటర్ కమిషన్ జనానా బోధనకు ప్రభుత్వ ధనం ఖర్చు పెట్టవచ్చని సిఫారసు చేసింది. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టాక కూడా బడి గడప తొక్కని ఆడవాళ్ళే ఎక్కువ. భండారు అచ్చమాంబ తమ్ముడి పక్కన కూర్చుని ఇంట్లోనే నేర్చుకుంది. జనానా విద్య గురించి మనం రెండు మాటలు చెప్పుకుంటూ వచ్చాం. అదే లేకపోతే ఆ స్త్రీలకు అక్షరం అందేది కాదు. అదే ఉండడం వల్ల, గడప లోపలే చదువు చెప్తున్నాం కదా, ఇక బయటికెందుకు అనే వాదానికి బలం చేకూరింది. నేను ఈ రెండు మాటలూ తరగతి గదిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

చెప్పనిది ఒకటుంది. 1887లో అమృత్‌సర్‌లో అంధుల బడి ప్రారంభించిన ఆనీ షార్ప్, 1890లలో పాళయంకోట్టైలో బధిరుల బడి నడిపిన ఫ్లోరెన్స్ స్వెయిన్‌సన్, ఇద్దరూ మిషనరీ స్త్రీలే. స్వెయిన్‌సన్ అయితే నేరుగా జనానా మిషన్ నుంచి వచ్చింది. అంటే ఈ దేశంలో ఘోషా స్త్రీలకూ వికలాంగ పిల్లలకూ చదువు తీసుకెళ్ళింది ఒకే తరహా స్త్రీలు, కొన్నిచోట్ల ఒకే సంస్థ. నేను ఆ మొదటి సగం గురించి పేజీలకు పేజీలు రాశాను. రెండో సగాన్ని 'సేవ' అనే ఒక్క మాట కింద వదిలేశాను. మతప్రచారకుల సేవను అనుమానించడం మనకు అలవాటు, దానికి తగిన కారణాలూ ఉన్నాయి. కానీ ఆ అనుమానం చాటున వికలాంగ పిల్లలే కనిపించకుండా పోయారు.

స్వతంత్రం వచ్చాక కథ త్వరగా చెప్పొచ్చు. 1964-66 నాటి కొఠారి కమిషన్ వికలాంగ పిల్లలు వీలైనంత వరకు మామూలు బడుల్లోనే చదవాలంది. 1974లో కేంద్ర పథకం వచ్చింది, 1995లో చట్టం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టానికి 2012లో సవరణ చేశారు. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకోవడాన్ని 'ఎంచుకునే హక్కు' కూడా ఉంటుందని అందులో చేర్చారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది, పొరుగు బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్య అంది.

2012 సవరణలోని ఆ 'ఎంచుకునే' దగ్గర ఆగాలి. ఎంచుకునేదెవరు? ర్యాంపు లేని బడి, నీళ్ళు రాని మరుగుదొడ్డి, పిల్లను ఎత్తుకుని రోజూ రానూపోనూ తిరగలేని తల్లి, ఆటోకు డబ్బుల్లేని ఇల్లు. వీటన్నిటి తర్వాత మిగిలినదాన్ని ఎంపిక అంటున్నాం. జనానాలో ఉన్న స్త్రీ కూడా బయటికి రాకపోవడాన్ని 'ఎంచుకుంది' అనే రాశారు ఆనాటి పెద్దలు.

2020కి ముందే పరిస్థితి ఎలా ఉండేదో యునెస్కో కోసం టాటా సామాజిక శాస్త్రాల సంస్థ తయారు చేసిన 2019 నివేదికలో ఉంది. 2011 జనాభా లెక్కల ఆధారంగా, ఐదేళ్ళ వయసున్న వికలాంగ పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది ఏ విద్యాసంస్థలోనూ లేరు. ఐదు నుంచి పందొమ్మిదేళ్ళ వయసువాళ్ళలో నాలుగోవంతు బడి బయట ఉన్నారు. మగపిల్లల కంటే ఆడపిల్లలు తక్కువగా బడుల్లో ఉన్నారు. సమగ్ర శిక్షా కింద ఒక్కో ప్రత్యేక అవసరాల బిడ్డకు ఏడాదికి కేటాయింపు 3,500 రూపాయలు. ఆడపిల్లలైతే అదనంగా నెలకు 200 చొప్పున పది నెలల ఉపకారవేతనం. మా టీచరు పనిచేసే చోట ఆ 200 ఆటోకు ఒక రోజు రానూపోనూ ఖర్చుకు సరిపోదు.

కరోనా వచ్చింది. 2020 మే 17న ఆర్థికమంత్రి ప్రకటించిన పీఎం ఈ-విద్యలో చూపు, వినికిడి లోపాలున్న పిల్లలకు ప్రత్యేక పాఠాలు తయారుచేస్తామని ఒక వాక్యం ఉంది. అక్టోబరులో జాతీయ పాఠ్యపుస్తకాలను సైగల భాషలోకి మార్చడానికి ఒప్పందం కుదిరింది. అవి మంచి పనులే, కాదనను. కానీ మన రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో పుస్తకాలు వేరు, భాష వేరు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. చూపులేని పిల్లవాడికి ఆ పాఠంలో 'ఇక్కడ చూడండి, ఈ బొమ్మలో' అని వినిపించింది. వినపడని పిల్లకు పెదవులు కదిలే మనిషి కనిపించింది, అదీ మాస్కు లేనప్పుడు.

మాస్కు గురించి రిజిస్టరులో ఒక ముచ్చట ఉంది. పెదవుల కదలిక చూసి మాట గ్రహించే ఒక పిల్ల కోసం టీచరు గుడ్డ మాస్కు మధ్యలో కత్తిరించి, కొత్త చీరతో వచ్చిన ప్లాస్టిక్ కవరు ముక్క కుట్టింది. ఊపిరికి అది మసకేసింది. దానికి సబ్బు రాస్తే మసక తగ్గిందట. 'ప్లాస్టిక్‌కు సబ్బు. పని చేసింది. పది నిమిషాలు' అని రాసుకుంది.

అన్నీ ఓటములే అనుకుంటే తప్పు. చూపులేని ఒక పిల్లవాడికి ఫోను పాఠాలు బ్రహ్మాండంగా నడిచాయి. సాంఘికశాస్త్రం మొత్తం వినే నేర్చుకున్నాడు. అయితే మార్చిలో హాస్టలు ఒక్కరోజులో ఖాళీ చేయించినప్పుడు బ్రెయిలీ పలక అక్కడే ఉండిపోయింది. ఏడాది పైన వేలికి చుక్క తగల్లేదు. ఆటిజం ఉన్న ఇంకో పిల్లవాడు బడి లేకపోయేసరికి హాయిగా నిద్రపోయాడని తల్లి చెప్పింది. బడి గంట, గోల వాడికి బాధ. ఇంటి బడిని నేను జనానాతో పోల్చినంత మాత్రాన ప్రతి బిడ్డకూ అది చెరసాల అయిపోదు, ఆ మాట ఈ పేజీయే నాకు చెప్పింది.

ఎక్కువ పేజీలు మాత్రం తల్లులవి. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలకు పాఠమంటే పుస్తకం కాదు. గుండీ పెట్టుకోవడం, చెంబుతో నీళ్ళు పోసుకోవడం, కందులూ పెసలూ వేరు చేయడం, పది రూపాయల నోటును ఇరవై నోటుతో కలపకుండా గుర్తుపట్టడం. ఒక్కో పనిని ఆరేడు చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టూ వారాల తరబడి చేయించాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లకు వారానికోసారి ఫిజియోథెరపిస్టు చేయించే కాళ్ళ వ్యాయామం ఆగిపోతే కండరం బిగుసుకుపోతుంది, నెలల్లోనే తేడా తెలుస్తుంది. టీచరు ఈ పనులన్నిటినీ ఫోనులో చెప్పింది, వీడియో తీసి పంపింది. చేయాల్సింది తల్లి. పొద్దున పొలం పని, ఇంటి పని, లాక్‌డౌన్‌లో ఇంట్లోనే ఉన్న మగవాళ్ళకు రోజంతా వంట, ఆ పైన ఇది. 'టీచరు చేతులు దూరంగా ఉన్నయి గనక అమ్మ చేతులతో పాఠం చెప్పిన' అని ఒకచోట రాసుకుంది. రాసినప్పుడు గర్వంగా అనిపించిందట. ఇప్పుడు చదువుతుంటే సిగ్గేస్తోందంది. 'నా పని ఆమె మీద వేసిన మేడమ్. నాకు తక్కువో ఎక్కువో జీతం వచ్చింది. ఆమెకేమొచ్చింది?'

సిగ్గుపడాల్సింది ఆమె కాదని చెప్పాను. చెప్పడం తేలిక. అయినా ఆమె ప్రశ్న సరైనదే. వేతనం లేని సంరక్షణ శ్రమ గురించి మన స్త్రీవాద సాహిత్యంలో ఎంత చర్చ జరిగిందో గుర్తు చేసుకోండి. ఆ చర్చలో పిల్లలు పెరుగుతారు, తల్లి కొంత తెరిపిన పడుతుంది. పెరిగేకొద్దీ బరువెక్కే పిల్ల, నలభయ్యేళ్ళు దాటి నడుం పోయిన తల్లి, ఈ ఇద్దరూ మన సిద్ధాంతంలోకి ఆలస్యంగా వచ్చారు. తెలుగులో ఇంకా పూర్తిగా రాలేదు.

ఇప్పుడు నా రెండో కారణం. 2020 చివర్లో, 2021లో మనం ఎన్ని ఆన్‌లైన్ సమావేశాలు పెట్టుకున్నామో మీకు తెలుసు. అందులో ఒకటి ఇంటి చాకిరీ గురించే. నేను నిర్వహించాను. ఈ టీచరు కూడా చేరింది. చివర్లో చాట్‌లో ఒక ప్రశ్న టైపు చేసింది: 'ఇంటి దగ్గరి చదువులో ఉన్న వికలాంగ పిల్లల తల్లుల గురించి మాట్లాడతారా?' నేను చూశాను. అప్పటికే ఎనిమిదిన్నరయింది. 'సమయం లేదు, మరోసారి తప్పకుండా' అన్నాను. ఆ మరోసారి రాలేదు. ఆ సమావేశంలో సైగల అనువాదం లేదు, తెర కింద అక్షరాలు లేవు. వినపడని ఒక్క స్త్రీ కూడా ఎందుకు రాలేదని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ రోజు నేను సమయం లేదన్న సంగతి రిజిస్టరులో ఉంది. నన్ను ఎత్తిపొడవడానికి రాసింది కాదు. ఆ రోజు తేదీ, 'మీటింగు', ఐదో గడిలో 'టైము లేదు'. రీచార్జి లేదు, నాట్లకు పోయింది, జరం. వాటి వరసలోనే.

ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేను. మహమ్మారికి ముందు ఏళ్ళ తరబడి, పాఠం రికార్డు చేసి ఇవ్వండి, పరీక్ష ఇంటి నుంచి రాయనివ్వండి అని వికలాంగ విద్యార్థులు అడిగితే సాంకేతికంగా కుదరదన్నారు. నేను పనిచేసిన కళాశాలలో కూడా అన్నాం. కాళ్ళున్న వాళ్ళందరూ ఇంట్లో ఉండాల్సి వచ్చిన వారం రోజుల్లో అన్నీ కుదిరాయి. 2022లో గదులు నిండగానే మళ్ళీ కుదరడం మానేశాయి.

ఆ టీచర్ల సంగతీ అంతే. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లుండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. 2025 మార్చిలో, పోస్టులు మంజూరు చేయండని రాష్ట్రాలకు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మధ్యలో, 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్షా ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోసం సమ్మె చేశారు. ఆమె కూడా కూర్చుంది. ఆ రోజులకు రిజిస్టరులో గళ్ళు లేవు. ఒక అడ్డగీత, 'సమ్మె' అన్న మాట ఉన్నాయి.

ఒక పేరు పుస్తకం పొడవునా వస్తుంది. 2020లో ఆ పిల్లకు పదకొండేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. మార్చికి ముందు వారానికి రెండు రోజులు తల్లి ఆటోలో భవిత కేంద్రానికి తెచ్చేది. అక్కడ మిగతా పిల్లలతో కలిసి తినేది, కిటికీ పక్కన కూర్చోవడం ఇష్టమని ఒకచోట ఉంది. 2021 సెప్టెంబరు 1న బడులు తెరిచారు. ఆ పిల్ల పేరు పక్కన 'హోమ్ బేస్డ్' అని మారింది. పదిహేను నెలలకు పైగా వ్యాయామం సరిగా సాగక మోకాళ్ళు బిగుసుకున్నాయి, బరువు పెరిగింది, రజస్వల అయింది. తల్లి ఎత్తలేకపోయింది. ఆటో అతను ఇద్దరు మనుషులు లేనిదే ఎక్కించనన్నాడు. తండ్రి వైపు వాళ్ళు ఈడొచ్చిన పిల్లను బయట తిప్పొద్దన్నారు. సదరం సర్టిఫికెట్టు ఉంది, పింఛను వస్తుంది, వారానికోసారి టీచరు ఇంటికి వెళ్తుంది. కాగితం మీద లోటేమీ లేదు. ఆ ఇంట్లో లాక్‌డౌన్ మాత్రం ఇంకా ఎత్తలేదు.

ఆ తల్లి ఒకటే అడుగుతుందట. 'బడికి తోలియ్యి మేడమ్. చదువుకు గాదు. అక్కడ కిటికి కాడ కూసుంటది.'

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు, పుస్తకాల్లో లేని స్త్రీల దగ్గరికి వెళ్ళి కూర్చుని వినడం కూడా చరిత్ర రచనే అని మా తరం నేర్చుకుంది. నేను ఈ పిల్ల తల్లి దగ్గరికి ఇంతవరకూ వెళ్ళలేదు. ఫోనులో అడిగితే, గురువారం పొద్దున పది లోపు రమ్మంది, తర్వాత పత్తి ఏరడానికి పోతుంది. టీచరు కూడా వస్తానంది. పిల్లను ఎత్తి ఆటో ఎక్కించడానికి ఇద్దరం ఉంటాం కదా, ఆ ఒక్కరోజుకి కేంద్రానికి తీసుకెళ్దామా అని తల్లిని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'పొద్దటి పూట అయితే ఎండ తక్కువుంటది' అంది.